వరుస దొరికిందా? ఇక దాన్ని పడగొట్టి చూడండి

31 ప్రధాన సంఖ్య. 331 కూడా అంతే. 3331 కూడా. 33331, 333331, 3333331, 33333331... ముందు ఒక్కో 3 చేర్చుకుంటూ పోండి. ఏడు మెట్ల దాకా ఏ సంఖ్యా 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ పోదు. ఏడో మెట్టు మీద నిలబడితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ప్రధాన సంఖ్యల్ని పుట్టించే సూత్రం చేతికి చిక్కిందనిపిస్తుంది. ఎనిమిదోది 333333331. అంగట్లో గల్లాపెట్టె పక్కన పడి ఉండే పన్నెండంకెల కాలిక్యులేటర్ మీద దాన్ని 17తో భాగించండి. శేషమేమీ మిగలకుండా 19607843 వస్తుంది.

అంకెలతో ఆడుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బస్సు టికెట్టు మీది నంబరు చూడగానే అది 3తో పోతుందో లేదో మనసులో తేల్చుకుంటారు. బిల్లు వెనక గళ్లు గీసి వర్గాలు వేసుకుంటారు. రాత్రి నిద్ర పట్టకపోతే ఎక్కాలను తలకిందులుగా చదువుకుంటారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. దీనికి డిగ్రీ అక్కర్లేదు. గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, గుణకారం భాగహారం చాలు. కానీ వరుస కంటికి ఆనడంతో పని అప్పుడే మొదలైందని గుర్తుంచుకోవాలి. అది ఎందుకు నిలుస్తుందో చెప్పగలిగిన రోజునో, ఎక్కడ కూలుతుందో చూపగలిగిన రోజునో అది మీ సొంతమవుతుంది.

ముందుగా ఒక్క మాట స్పష్టం చేసుకుందాం. మన పావగడ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడంలో చదివే పిల్లలు చాలామంది. పాఠంలో అవిభాజ్య సంఖ్య అని నేర్చుకున్నదే తెలుగు పుస్తకాల్లో ప్రధాన సంఖ్య అని కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అర్థం తెలియాలంటే తిరుమణి దిక్కున సుమారు 13,000 ఎకరాల్లో పరచుకున్న సోలార్ పార్కును తలచుకోండి. మీ చేతికి 40 పలకలు ఇచ్చి సమానమైన వరసల్లో నిలబెట్టమన్నారనుకోండి. నాలుగు వరసల్లో పదేసి పెట్టొచ్చు, ఐదు వరసల్లో ఎనిమిదేసి పెట్టొచ్చు. 41 ఇస్తే? ఒకే పొడవాటి వరస తప్ప గతి లేదు. 41 ప్రధాన సంఖ్య.

ఇక్కడ చాలామంది మొదట కనిపెట్టేది ఒకటుంది. 3 దాటిన ప్రతి ప్రధాన సంఖ్యా 6 ఎక్కంలోని ఏదో ఒక సంఖ్యకు ఒకటి తక్కువో ఒకటి ఎక్కువో అవుతుంది. 5, 7, 11, 13, 17, 19. ఈ వరుసను పిల్లల నోటుపుస్తకాల్లో చాలాసార్లు చూశాను, చూసినప్పుడల్లా సంతోషించాను కూడా. అది నిజం. కారణం చెప్పడమూ తేలికే: మిగతా స్థానాలన్నీ 2తోనో 3తోనో పోతాయి. కానీ ఆ స్థానాల్లో ఉన్నవన్నీ ప్రధానాలు కావు. 25 అక్కడే ఉంది, 35 అక్కడే ఉంది. ప్రధాన సంఖ్యలు ఎక్కడ కూర్చోగలవో చెప్పేది వేరు, ఎక్కడ కూర్చున్నాయో చెప్పేది వేరు. తొలి సూత్రాలు తప్పిపోయేది ఎక్కువగా ఇక్కడే.

గుత్తి డిప్యూటీ కలెక్టరు

పావగడ నుంచి కల్యాణదుర్గం, అనంతపురం మీదుగా ఉత్తరానికి పోతే గుత్తి వస్తుంది. కోట వల్లో, రైలు జంక్షన్ వల్లో ఆ ఊరిని గుర్తుపెట్టుకున్నవాళ్లే ఎక్కువ. మన దేశపు గణిత చరిత్రలోనూ దానికి చోటుంది. 1906 చివర్లో అక్కడ డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లను కూడగట్టడానికి ఉత్తరం రాశాడు. విదేశాల నుంచి వచ్చే గణిత పత్రికలు, పుస్తకాలు ఎవరికి వారు కొనుక్కోవడం కష్టం. అందరం కలిసి చందా వేసుకుని తెప్పించుకుందాం, టపాలో ఒకరి నుంచి ఒకరికి పంపుకుని చదువుకుందాం అన్నది ఆయన ఆలోచన. 1907లో అది అనలిటిక్ క్లబ్ అనే పేరుతో మొదలైంది. 1910లో కొత్త నియమావళితో ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. ఇప్పటికీ నడుస్తోంది.

పగలంతా రెవెన్యూ దస్త్రాలు చూసే మనిషి ఈ పని చేశాడు. ఆయన్ను తలచుకోకుండా ఈ అధ్యాయం రాయడం నాకు ఇష్టం లేదు. 1910లో ఆయన తిరుక్కోయిలూరులో ఉండగా ఒక యువకుడు చిన్న ఉద్యోగం అడుగుదామని నోటుపుస్తకంతో వచ్చాడు. అయ్యర్ ఆ పుస్తకం తిరగేశాడు. ఇలాంటి వాణ్ణి తాలూకా కచేరీలో అట్టడుగు గుమాస్తాగా కూర్చోబెట్టడానికి మనసొప్పక, మద్రాసులో ఉన్న మిత్రులకు ఉత్తరాలు రాసిచ్చి పంపాడు. ఆ యువకుడు శ్రీనివాస రామానుజన్. ఆయన తొలి పరిశోధన వ్యాసం 1911లో ఆ సొసైటీ పత్రికలోనే అచ్చయింది.

ఇరవై నాలుగేళ్ల తర్వాత అయ్యర్ మళ్లీ అలాంటి పనే చేశాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. సొసైటీ నడిపే ది మ్యాథమెటిక్స్ స్టూడెంట్ అనే పత్రికలో 1934లో ఒక విద్యార్థి కనిపెట్టిన పద్ధతిని ఆ విద్యార్థి పేరుతోనే లోకానికి చూపించాడు. విద్యార్థి పేరు ఎస్. పి. సుందరం. ఆ పద్ధతిని ఈనాటికీ ప్రపంచమంతా సుందరం జల్లెడ అనే అంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్పే చోట్ల కూడా దాన్ని రాయిస్తారు.

జల్లెడను చేత్తో పట్టుకుని చూద్దాం

గళ్ల నోటుపుస్తకం తెరవండి. మొదటి వరసలో 4తో మొదలుపెట్టి మూడేసి కలుపుతూ పోండి. ఎడమ చివర నిలువుగా కూడా అవే సంఖ్యలు రాయండి. రెండో వరసలో ఐదేసి కలపండి, మూడో దాంట్లో ఏడేసి, నాలుగో దాంట్లో తొమ్మిదేసి, ఐదో దాంట్లో పదకొండేసి.

4, 7, 10, 13, 16, 19, 22 ...
7, 12, 17, 22, 27, 32, 37 ...
10, 17, 24, 31, 38, 45, 52 ...
13, 22, 31, 40, 49, 58, 67 ...
16, 27, 38, 49, 60, 71, 82 ...

ఇప్పుడు ఏదైనా సంఖ్య తీసుకోండి. దాన్ని రెట్టించి ఒకటి కలపండి. మీరు తీసుకున్న సంఖ్య పట్టికలో ఉంటే, వచ్చిన జవాబు ప్రధాన సంఖ్య కాదు. పట్టికలో లేకపోతే, అది ప్రధాన సంఖ్య. మినహాయింపులు లేవు.

20 దాకా వేసి చూద్దాం. పట్టికలో ఉన్నవి 4, 7, 10, 12, 13, 16, 17, 19. మిగిలినవి 1, 2, 3, 5, 6, 8, 9, 11, 14, 15, 18, 20. వీటిని రెట్టించి ఒకటి చొప్పున కలపండి: 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41. 2ను పక్కన పెడితే, 41 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ వచ్చేశాయి. ఒక్కటీ తప్పిపోలేదు, అదనంగా ఒక్కటీ చొరబడలేదు.

దీన్ని మొదటిసారి వేసినప్పుడు తొందరపడి ముందుకు పోకండి. ఒక్క గడి దగ్గర కూర్చోండి. మూడో వరసలో నాలుగో సంఖ్య 31. రెట్టించి ఒకటి కలిపితే 63. అది 7 × 9. రెండో వరసలో ఐదో సంఖ్య 27. రెట్టించి ఒకటి కలిపితే 55. అది 5 × 11. ఇంకో రెండు గళ్లు మీరే చూడండి. వరస సంఖ్య 3 అయితే లబ్ధంలో ఒక భాగం 7, వరస 2 అయితే 5. నిలువు గడి సంఖ్య 4 అయితే రెండో భాగం 9, 5 అయితే 11. అంటే వరస నంబరును రెట్టించి ఒకటి కలుపు, నిలువు నంబరును రెట్టించి ఒకటి కలుపు, ఆ రెంటినీ గుణించు.

బీజగణితం గుర్తున్నవాళ్లకు ఇది ఒక్క పంక్తి. వరస i, నిలువు j అనుకుంటే ఆ గడిలో ఉన్నది i + j + 2ij. దాన్ని రెట్టించి ఒకటి కలిపితే 2i + 2j + 4ij + 1. అది (2i + 1) × (2j + 1)కి సమానం. కనుక పట్టికలో ఉన్న ప్రతి సంఖ్యా రెండు బేసి సంఖ్యల లబ్ధాన్ని ఇస్తుంది. తిరగేసి చూడండి: ప్రధానం కాని బేసి సంఖ్య ఏదైనా, 3గానీ అంతకన్నా పెద్దవిగానీ అయిన రెండు బేసి సంఖ్యల లబ్ధమే కదా. అలాంటి ప్రతి జతకూ పట్టికలో ఒక గడి ఉంది. కాబట్టి తప్పించుకునే దారి లేదు.

మొత్తం ఇంతే. గ్రీకు దేశపు ఎరతోస్తనీసు పేరున మనం బడిలో నేర్చుకున్న జల్లెడకు ఇది బంధువే, సరి సంఖ్యలను ముందే పక్కన పెట్టేసిన రూపం. అయినా సుందరం పేరు నిలిచింది. ఎందుకు నిలిచిందో నా మటుకు నాకు సందేహం లేదు. ఆ పట్టికలో ఎంత దూరం పోయినా కూలని కారణం ఉంది.

333...1 వరుసలో లేనిది అదే. అక్కడ ఏడు మెట్లు నిలవడం కాకతాళీయం. కాస్త తవ్వితే ఇంకో సంగతి బయటపడుతుంది. 31తో 1ని భాగించి చూడండి, దశాంశ స్థానాలు పదిహేనేసి అంకెలకు ఒకసారి తిరిగి మొదలవుతాయి. దాని ఫలితంగా వరుసలో మొదటి సంఖ్య అయిన 31, పదిహేను మెట్ల తర్వాత తిరిగొచ్చి పదహారో సంఖ్యను భాగించి తీరుతుంది. 17 ఎనిమిదో మెట్టు దగ్గర అడ్డుపడకపోయినా, పదహారో మెట్టు దగ్గర 31 చేతిలో ఆ వరుస కూలి ఉండేది. మొదటి మెట్టులోనే దాని ముగింపు రాసిపెట్టి ఉంది.

గణితవేత్త ఆయిలర్ చూపిన ఇంకా అందమైన వరుస ఒకటుంది. ఒక సంఖ్యను దాని తర్వాతి సంఖ్యతో గుణించి 41 కలపండి. 0 నుంచి మొదలుపెడితే 41, 43, 47, 53, 61, 71... 39 దాకా నలభై సార్లూ ప్రధాన సంఖ్యలే. 40 దగ్గర 40 × 41 + 41, అంటే 41 × 41. కూలిపోయింది. అక్కడా కథ అదే. రెండో మెట్టులో వచ్చిన 43ను తీసుకోండి. 1 పెడితే 43 వచ్చింది. 1కి 43 కలిపి 44 పెట్టండి: 44 × 45 + 41 = 2021 = 43 × 47. వచ్చిన ప్రధాన సంఖ్య అంత దూరం నడిచి మళ్లీ వచ్చి కొడుతుంది. అందువల్ల కూడికలు, గుణకారాలతో మాత్రమే కట్టిన ఇలాంటి ఏ సూత్రమూ ఎప్పటికీ ప్రధాన సంఖ్యలనే ఇస్తూ పోలేదు, ఒకే సంఖ్యను మళ్లీ మళ్లీ ఇస్తే తప్ప. ఈ సంగతి తెలిశాక, అలాంటి సూత్రం కోసం ఏళ్లు ధారపోసే అవసరం మీకు తప్పుతుంది.

కన్నడ నేల నుంచి తెలుగు పద్యానికి

9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం అనే సంస్కృత గ్రంథం రాశాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రెండు భాషల నడుమ బతికే మన తాలూకాకు ఈ ఇద్దరూ దగ్గరివాళ్లే అనుకుంటాను.

మహావీరుడు గుణకారం నేర్పడానికి ఇచ్చిన లెక్కల్లో జవాబులు హారాల్లా అమరుతాయి. 139ని 109తో గుణిస్తే 15151. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 27994681ని 441తో గుణిస్తే 12345654321, అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకటే. ఆ చివరిది ఆరు ఒకట్ల వర్గం. పదకొండు వందల ఏళ్ల తర్వాత మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ అనే బడిపంతులు ఇలాంటి సంఖ్యలకే, తనకు ఆ ఆలోచన తట్టిన రైల్వే స్టేషన్ పేరు మీద, డెమ్లో సంఖ్యలు అని పేరు పెట్టుకున్నాడు. 1, 121, 12321, 1234321... తొమ్మిది ఒకట్ల దాకా ఈ అందం సాగుతుంది. పది ఒకట్ల వర్గం మాత్రం 1234567900987654321. గుణకారంలో చేతికి మిగిలే అంకె, అంటే కన్నడంలో దశక అని చెప్పేది, అక్కడ మొదటిసారి వరుసను చెదరగొడుతుంది.

హారాన్ని చూసి మురిసిపోవడం తప్పు కాదు. మురిసిపోయాక ఒక ప్రశ్న వేయండి. ఈ ఒకట్ల సంఖ్యల్లో ప్రధానాలు ఏవి? 11 ప్రధానం. 111 = 3 × 37. 1111 = 11 × 101. 11111 = 41 × 271. 111111 = 111 × 1001. 1111111 = 239 × 4649. నాలుగు, ఆరు, ఎనిమిది ఒకట్లు కూలిపోవడానికి కారణం కంటికే కనిపిస్తుంది: వాటిని సమానమైన గుంపులుగా విడదీయొచ్చు. ఎనిమిది ఒకట్లు అంటే 1111 × 10001. కనుక ఒకట్ల సంఖ్యకు ప్రధానమయ్యే అవకాశం ఉండాలంటే అందులోని ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య కావాలి. అది ఋజువైన మాట. కానీ అది చాలదు: మూడు, ఐదు, ఏడు ఒకట్లు నిలవలేదు. 11 తర్వాత నిలిచేది పంతొమ్మిది ఒకట్ల సంఖ్య, ఆపైన ఇరవై మూడు. ఒక గుణకారం లెక్క నుంచి మొదలై ఇక్కడిదాకా వచ్చామంటే, దారిలో మనం చేసిందల్లా ఎందుకు అని అడగడమే.

మల్లన పేరు మీద తెలుగువాళ్లు చెప్పుకునే చదరంగం పద్యం చాలామంది విన్నదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, ఆపైన నాలుగు. 64 గళ్లకూ కలిపి 18446744073709551615 గింజలు. ఆ సంఖ్య 2ను అరవై నాలుగుసార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. దాన్ని విడదీస్తే 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297 వస్తుంది. ఈ ఆరింటినీ చూసి ఫ్రాన్సు దేశపు ఫెర్మా 17వ శతాబ్దంలో ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. మొదటి ఐదూ ప్రధానాలే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విడగొట్టాడు: 641 × 6700417. అంటే మన పద్యంలోని గింజల కుప్పలోనే గణిత చరిత్రలోకెల్లా పేరుమోసిన ఒక కూలిన వరుస దాగి ఉంది.

ఫెర్మా పొరబడ్డాడు. ఎంత సంఖ్య దాకా ఎన్ని ప్రధాన సంఖ్యలు ఉంటాయో చెప్పే లెక్కలో రామానుజన్ కూడా పొరబడ్డాడు. 1913లో ఇంగ్లండులోని గణితవేత్త హార్డీకి ఆయన రాసిన సూత్రాలు చాలా దూరం సరిగ్గా పనిచేసి, నిజానికి ఆయన అనుకున్నంత కచ్చితమైనవి కాకపోయాయి. అంత గొప్ప కంటికి కూడా వరుస కనిపించడం ఒకటి, ఋజువు ఇంకొకటి. వాళ్లకే తప్పని పని మనకు తప్పుతుందనుకోకూడదు.

నోటుపుస్తకం ఎలా నడపాలి

ఎడమ పేజీలో లెక్కలు, కుడి పేజీలో మాటలు. ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే నియమం. కుడి పేజీ ఖాళీగా ఉండిపోతున్నదంటే మీరు సంఖ్యలు పోగుచేస్తున్నారే తప్ప ఆలోచించడం లేదని గుర్తు.

వరుస కనిపించగానే తర్వాతి మెట్టు లెక్క వేయకండి. ముందు ఏం వస్తుందో కుడి పేజీలో రాయండి, తారీఖు వేయండి, అప్పుడు లెక్క వేయండి. జవాబు చూశాక ఊహను సవరించుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటాం. ఎప్పుడూ చిన్న సంఖ్యలతోనే తృప్తిపడకండి. చిన్న సంఖ్యల్లో ప్రధానాలు చిక్కగా ఉంటాయి, ఏ సూత్రం రాసినా నాలుగైదు తగులుతాయి. సూత్రం ఎక్కడ కూలే అవకాశం ఎక్కువో అక్కడికే నేరుగా వెళ్లండి. 41 కలిపిన సూత్రానికి 40 పెట్టి చూడాలని తట్టినవాడికి మిగతా నలభై లెక్కల అవసరం ఉండదు.

ఒక సంఖ్య ప్రధానమా కాదా అని చేత్తో తేల్చడం నేర్చుకోండి. 2027 తీసుకుందాం. 43 వర్గం 1849, 47 వర్గం 2209. కాబట్టి 43 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. 2, 3, 5 భాగించవని చూపుతోనే తెలుస్తుంది. 7తో 4 మిగులుతుంది, 11తో 3, 13తో 12, 17తో 4, 19తో 13, 23తో 3, 29తో 26, 31తో 12, 37తో 29, 41తో 18, 43తో 6. ఏదీ భాగించలేదు. 2027 ప్రధానం. 2029ని మీరు చేయండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ వాడొచ్చు, కానీ అంకెలు బాగా పెరిగాక చాలా కాలిక్యులేటర్లు చివరి స్థానాలను సర్ది చూపిస్తాయి. సర్దిన జవాబు మీద కట్టిన సిద్ధాంతం నిలవదు. జవాబు అంకెలు తెరకు పట్టనంత పొడుగైతే కాగితం మీదకు రండి, లేదా పైథాన్ లాంటి భాషలో రెండు పంక్తులు రాయడం నేర్చుకోండి. అందులో పూర్ణ సంఖ్యలు ఎంత పెద్దవైనా అంకె పోకుండా వస్తాయి.

కారణం రాయడం ఎలాగో ఒక నమూనా చూపిస్తాను. 5 వర్గంలో ఒకటి తీసేస్తే 24. 7 వర్గంలో తీసేస్తే 48. 11కి 120, 13కి 168. అన్నీ 24తో పోతున్నాయి. 3 దాటిన ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే జరుగుతుందా? వర్గంలో ఒకటి తీసేస్తే వచ్చేది, ఆ సంఖ్యకు ముందున్నదాన్నీ తర్వాతదాన్నీ గుణిస్తే వచ్చే లబ్ధమే. ప్రధాన సంఖ్యకు ముందున్నదీ తర్వాతదీ వరుసగా వచ్చే రెండు సరి సంఖ్యలు. వాటిలో ఒకటి 4తో కూడా పోతుంది, కాబట్టి లబ్ధం 8తో పోతుంది. పక్కపక్కనున్న మూడు సంఖ్యల్లో ఒకటి 3తో పోవాలి, అది మధ్యలోని ప్రధాన సంఖ్య కాలేదు కనుక పక్కవాటిలో ఒకటి. ఎనిమిదీ మూడూ కలిసి ఇరవైనాలుగు. ఋజువు అయిపోయింది, ఇక ఏ కంప్యూటరూ దీన్ని పడగొట్టలేదు. అయితే ఇదీ ప్రధానాలను పుట్టించే యంత్రం కాదు: 25 వర్గంలో ఒకటి తీసేస్తే 624, అది కూడా 24తో పోతుంది.

మీ వరుస ఇంతకుముందు ఎవరికైనా దొరికిందేమో చూసుకోవాలంటే నీల్ స్లోన్ 1964లో మొదలుపెట్టిన పూర్ణసంఖ్యా వరుసల విజ్ఞానకోశం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. మొదటి ఐదారు సంఖ్యలు కొడితే చాలు. దొరికితే దిగులు పడొద్దు. సొంతంగా కనిపెట్టింది పాతదే అని తేలడం దారి సరైనదని రుజువు. రామానుజన్ కూడా మొదట్లో కనిపెట్టిన వాటిలో చాలా భాగం యూరప్‌కు అప్పటికే తెలిసినవే.

ఎవరికైనా చూపించాలనుకున్నప్పుడు ఒక్క పేజీకి మించకుండా రాయండి. ఏం గమనించారు, ఎంత దూరం పరీక్షించారు, కారణం ఏమిటి, కారణం తెలియని భాగం ఏది. ఈ నాలుగూ ఉంటే మీ హైస్కూలు లెక్కల టీచరైనా, యూనివర్సిటీలో ఉన్నవారైనా తీసి చదువుతారు. ప్రధాన సంఖ్యల రహస్యం ఛేదించాను అని మొదలయ్యే ముప్పై పేజీల ఉత్తరాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు, అందులో మూడో పేజీలో నిజంగా మంచి సంగతి ఉన్నా సరే. దానివల్ల నష్టపోయేది ఆ మంచి సంగతే.

పెద్ద తలుపులు మూసే ఉన్నాయనుకోకండి. ఒక సంఖ్య ప్రధానమో కాదో ఎప్పుడైనా వేగంగా, ఏ సందేహమూ లేకుండా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్‌తో కలిసి కనిపెట్టిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అప్పుడే బీటెక్ ముగించిన కుర్రాళ్లు. ఇప్పటికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య, 2ను 136279841 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది, 2024 అక్టోబరులో బయటపడింది. అందులో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి. ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా తమ కంప్యూటర్లను అప్పగించే ఔత్సాహికుల బృందంలో ఒకరు దాన్ని పట్టుకున్నారు.

ఈ వారానికి పని. సుందరం పట్టికను పదిహేను వరసలు, పదిహేను నిలువులు వచ్చేలా వేయండి. ఒక్కో సంఖ్య ఎన్ని గళ్లలో కనిపిస్తుందో లెక్కపెట్టండి. 22 నాలుగు చోట్ల ఉంటుంది. మూల నుంచి ఏటవాలుగా కిందికి దిగితే 4, 12, 24, 40, 60 వస్తాయి. 4 ఒక్కచోటే కనిపిస్తుంది. 12 కూడా అంతే. 24 కూడా. ఏటవాలు గీత మీదివన్నీ ఒక్కసారే వస్తాయని కుడి పేజీలో రాసేసే ముందు 40 కోసం మొదటి వరసలో పదమూడో గడి చూడండి, పదమూడో వరసలో మొదటి గడి చూడండి. 60 మళ్లీ ఒక్కచోటే ఉంటుంది. 40కి ఉన్నదేమిటో, 4, 12, 24, 60లకు లేనిదేమిటో రెండు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత, ఏ సంఖ్య అయినా ఈ పట్టికలో ఎన్నిసార్లు వస్తుందో పట్టిక వేయకుండానే చెప్పే సూత్రం కోసం చూడండి. దొరికితే దాన్ని 22 మీద కాకుండా, 157 మీద పరీక్షించండి.